యూరియాకు లెక్కుంది... బువ్వకు లెక్కేది?

ఫోన్‌లో తిండి, నడక, బరువు రాసుకునే పద్ధతి – సన్నకారు రైతుకు పనికొచ్చేదెంత?

తాడ్వాయి: "ఆఫీసుల కూసుండేటోళ్లకు పొట్ట వస్తదంటే సరే. పొలంల పని చేసేటోనికి ఎందుకొస్తది?" ఆరోగ్య కేంద్రంలో షుగర్ పరీక్ష చేయించుకుని, చీటీ చేతిలో పట్టుకుని బయటకొచ్చే రైతులు అడిగే మాట ఇది. తాడ్వాయి, లింగంపేట, ఎల్లారెడ్డి, కామారెడ్డి ఎక్కడైనా ఇదే ప్రశ్న. ఒకప్పుడు పట్నంలో షావుకార్లకు వచ్చే రోగం అనుకున్న షుగర్ ఇప్పుడు ఎకరం, రెండెకరాల రైతు ఇంట్లోకీ వచ్చింది.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉన్నట్లు అంచనా వేశారు. షుగర్ వచ్చే దారిలో ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షల మంది. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవారు పెద్దల్లో 100కు దాదాపు 40 మంది ఉన్నారు. ఇవి ఒక్క పట్నాల లెక్కలు కావు, పల్లెలు కూడా కలిసిన లెక్కలు.

షుగర్ వచ్చిన తరువాత మందులకు, పరీక్షలకు, ఆసుపత్రి చార్జీలకు అయ్యే ఖర్చు సన్నకారు రైతుకు మోయలేని బరువే. కాలికి పుండు పడితే ఆ సీజను పని పోయినట్లే. రాకముందే జాగ్రత్త పడడానికి పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఏం తింటున్నాం, ఎంత కష్టం చేస్తున్నాం, బరువు ఎంతుంది అనే మూడు లెక్కలు రాసుకోవడం. ఇంట్లో పెద్ద ఫోన్ ఉంటే ఆ లెక్క ఫోనే కట్టి చూపిస్తుంది. ఎలాగో, ఎక్కడ తప్పులు జరుగుతాయో ఈ వారం చూద్దాం.

పని మారింది, పళ్లెం మారలేదు

రైతు అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థను అందరూ ఎన్.ఐ.ఎన్. అంటారు. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు మారిన సంస్థ ఇది. మన దేశంలో ఎవరికి ఎంత తిండి కావాలో లెక్క చెప్పేది ఈ సంస్థే. తిండిలో ఉన్న శక్తిని కేలరీలలో కొలుస్తారు. మోటారుకు డీజిల్ ఎంతో ఒంటికి కేలరీలు అంతే అనుకోవచ్చు.

2020లో ఎన్.ఐ.ఎన్. ఇచ్చిన లెక్క ప్రకారం 65 కిలోల మగ మనిషి కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 2,110 కేలరీలు చాలు. ఓ మోస్తరు శ్రమ చేస్తే 2,710 కావాలి. బరువు పని చేస్తే 3,470 కావాలి. 55 కిలోల ఆడ మనిషికి ఇవే వరుసగా 1,660, 2,130, 2,720.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. నాగలి పట్టి దున్నిన రోజుల్లో, మోట కొట్టిన రోజుల్లో, కొడవలితో కోసి మోపులు మోసిన రోజుల్లో రైతుది ఏడాదిలో చాలా నెలలు బరువు పనే. ఇవాళ దున్నేది ట్రాక్టరు. కోసేది హార్వెస్టరు. మోటారుకు ఆటో స్టార్టర్ ఉంది. పొలానికి బైకు మీద పోతున్నాం. నాట్లకు కూలీలను పెడుతున్నాం. గట్టు మీద నిలబడి చూసుకునే రోజులే ఎక్కువ. మందు కొట్టే రోజులు, ఎరువు చల్లే రోజులు, వడ్లు కాంటా పెట్టే రోజులు మాత్రమే ఒళ్లు వంచే రోజులు.

బరువు పనికీ ఓ మోస్తరు పనికీ మధ్య తేడా 760 కేలరీలు. అంటే రెండు వందల గ్రాములకు పైగా బియ్యం. పని తగ్గినా, చిన్నప్పటి నుంచి అలవాటైన పళ్లెం నిండా బువ్వ తగ్గలేదు. దానికి తోడు నూనె, పంచదార చాయ, బేకరీ తిండి పెరిగాయి. మిగిలిన శక్తిని ఒళ్లు పారేయదు, కొవ్వుగా దాచుకుంటుంది. రోజుకు 300 కేలరీలు మిగిలితే నెలకు 9,000 అవుతాయి. సుమారు 7,700 కేలరీలు మిగిలితే కిలో కొవ్వు అని మోటు లెక్క. యాసంగి వడ్లు అమ్మిన తరువాత వానలు పడేదాకా ఖాళీగా ఉండే నెలల్లో బరువు పెరిగేది ఇందుకే.

ఫోన్ ఏం చేస్తుంది?

ఫోన్‌లో తిండి లెక్క కట్టే యాప్‌లు చాలా ఉన్నాయి. ఎన్.ఐ.ఎన్. స్వయంగా తయారు చేసిన యాప్ పేరు 'న్యూట్రిఫై ఇండియా నౌ'. మన దేశపు తిండి గింజలు, కూరగాయలు, వంటకాలలో ఏ పోషకం ఎంతుందో అందులో ఉంటుంది. ప్రైవేటు వాటిలో బెంగళూరులో 2012లో మొదలైన హెల్తిఫైమి వంటివి ఉన్నాయి. ప్రైవేటు యాప్‌లలో కొంత ఉచితం, కొంత డబ్బు కట్టించుకునేది ఉంటుంది. రాసుకునే పనికి ఉచిత భాగం చాలు. డబ్బు కట్టాల్సిన అవసరం లేదు.

ఇదేదో పట్నం వాళ్ల వ్యవహారం అనుకోనక్కర లేదు. మన ఊరి అంగన్‌వాడీలో ఈ పని ఎప్పుడో మొదలైంది. 2021 మార్చిలో కేంద్రం 'పోషణ్ ట్రాకర్' అనే యాప్ తెచ్చింది. అంగన్‌వాడీ టీచర్ పిల్లల ఎత్తు, బరువు ఫోన్‌లో ఎక్కిస్తారు. వయసుకు తగ్గ ఎదుగుదల ఉందో లేదో అందులో తెలిసిపోతుంది. పిల్లకు కట్టే లెక్క తండ్రికి కట్టకూడదా?

పని జరిగే తీరు సులువే. మొదట వయసు, ఎత్తు, బరువు, చేసే పని ఎలాంటిదో ఎక్కించాలి. తరువాత రోజూ పొద్దుగాల, పగలు, రాత్రి తిన్నవి ఒక్కొక్కటి ఎక్కించాలి. ఎన్ని కేలరీలు తిన్నారో, మాంసకృత్తులు ఎన్నో, కొవ్వు ఎంతో ఫోన్ కూడిక వేసి చూపిస్తుంది. ఫోన్ జేబులో ఉంటే నడిచిన అడుగులు అదే లెక్కిస్తుంది. వారానికోసారి బరువు ఎక్కిస్తే గీత గీసి చూపిస్తుంది. చదువుకునే కొడుకో బిడ్డో ఇంట్లో ఉంటే రెండు మూడు రోజుల్లో నేర్పిస్తారు.

ఒకటి గుర్తుంచుకోవాలి. భూసార పరీక్ష చీటీ పంట పండించదు. ఏ ఎరువు ఎంత వేయాలో మాత్రం చెబుతుంది. ఫోన్ కూడా అంతే. అది బరువు తగ్గించదు, లెక్క చూపిస్తుంది.

ఫలితం ఉందా, లేదా?

రాసుకుంటే ఫలితం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికాలో దాదాపు 1,700 మందిపై జరిగిన పరిశీలన ఫలితాలు 2008లో వచ్చాయి. రోజూ తిండి లెక్క రాసుకున్నవారు, రాయని వారికంటే రెండింతలు బరువు తగ్గారు. వారిలో కొందరు కాగితం మీద రాసుకున్నవారే.

మన దక్షిణాదిలో షుగర్ వచ్చే దారిలో ఉన్న 537 మంది మగవారిని చెన్నై వైద్యులు రెండేళ్లు పరిశీలించారు. సగం మందికి తిండి, నడక గురించి గుర్తు చేస్తూ మామూలు ఫోన్‌కే ఎస్.ఎం.ఎస్.లు పంపారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మెసేజ్‌లు అందిన వారిలో 100కు 18 మందికి, అందని వారిలో 100కు 27 మందికి షుగర్ వచ్చింది. మెసేజ్‌తోనే అంత తేడా కనిపించింది.

అయితే రెండో వైపు కూడా చూడాలి. అమెరికాలోనే 471 మందిపై జరిగిన మరో పరిశోధన 2016లో వచ్చింది. అందరికీ తిండి తగ్గించి, వ్యాయామం చెప్పారు. కొందరికి అడుగులు లెక్కించే పట్టీ కట్టారు, మిగతావారికి కట్టలేదు. రెండేళ్లకు పట్టీ కట్టినవారు సగటున 3.5 కిలోలు, కట్టనివారు 5.9 కిలోలు తగ్గారు. పట్టీ కడితే ఎక్కువ తగ్గుతారనుకుంటే తక్కువ తగ్గారు. కాబట్టి వేల రూపాయలు పెట్టి చేతి గడియారాలు కొనాల్సిన పని లేదు. లెక్క నిజాయితీగా రాసుకోవడమే ముఖ్యం.

ముందుగా మూడు కొలతలు

ఎత్తు: గోడకు ఆనుకుని చెప్పులు లేకుండా నిలబడి టేపుతో కొలవాలి.

బరువు: ఆరోగ్య కేంద్రంలో చూసుకోవచ్చు. ఎరువుల దుకాణంలో ఎలక్ట్రానిక్ కాంటా మీదైనా చూసుకోవచ్చు. ఎప్పుడూ ఒకే కాంటా వాడాలి.

నడుము: దర్జీ టేపుతో, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, గాలి వదిలిన తరువాత కొలవాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే 35న్నర అంగుళాలు దాటకూడదు. ఆడవారికి 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటకూడదు.

ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో ఫోనే చెబుతుంది. చేతితో కట్టాలన్నా కష్టం కాదు. బరువును ఎత్తుతో భాగించాలి, వచ్చిన దాన్ని మళ్లీ ఎత్తుతో భాగించాలి. ఎత్తు మీటర్లలో ఉండాలి. ఉదాహరణకు 165 సెంటీమీటర్ల ఎత్తు, 76 కిలోల బరువున్న రైతును తీసుకుందాం. 76ను 1.65తో రెండుసార్లు భాగిస్తే దాదాపు 28 వస్తుంది. మన దేశస్థులకు 23 దాటితే బరువు ఎక్కువ, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. పైదేశాల్లో తయారైన యాప్‌లు 25 దాకా బాగానే ఉందని చెబుతాయి. ఆ మాట నమ్మి ఊరుకోవద్దు. మనవారికి తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది.

ఈ రైతు ఒక్కసారిగా 63 కిలోలకు దిగాలని చూడనక్కర లేదు. మొదట నాలుగు కిలోలు తగ్గితే చాలా మేలు. వారానికి అర కిలో చొప్పున తగ్గడం క్షేమమని ఎన్.ఐ.ఎన్. చెబుతోంది. అంటే రెండు నెలల పని.

బియ్యమా, అన్నమా?

ఫోన్‌లో ఎక్కించేటప్పుడు అందరూ చేసే పెద్ద తప్పు ఇదే. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటాయి. అదే 100 గ్రాముల అన్నంలో 130 వరకే ఉంటాయి. ఉడికితే నీరు చేరి బరువు రెండున్నర నుంచి మూడింతలు అవుతుంది కనుక. యాప్‌లో బియ్యం అని ఒకటి, అన్నం అని ఒకటి వేరుగా ఉంటాయి. అన్నం తిని బియ్యం మీద నొక్కితే లెక్క మూడింతలు వస్తుంది. బియ్యం తూకం అన్నం మీద ఎక్కిస్తే మూడో వంతే వస్తుంది. మొదటి రకం వాళ్లు భయపడి పస్తులుంటారు. రెండో రకం వాళ్లు ధీమాగా ఇంకా తింటారు.

దీనికి మార్గం ఉంది. ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసో డబ్బానో కిరాణా దుకాణం కాంటా మీద ఒక్కసారి తూకం వేయించాలి. గ్లాసెడు ఎన్ని గ్రాములో తెలుస్తుంది. పూటకు ఎన్ని గ్లాసులు పోశారు, ఎంతమంది తిన్నారు అని చూస్తే ఒక్కొక్కరి వంతు వస్తుంది. నూనెకు కూడా అంతే. కూరలో ఎన్ని గరిటెలు పోశారో వంట చేసినవారిని అడగాలి. "కూర ఒక గిన్నె" అని ఎక్కిస్తే నూనె సంగతి ఫోన్‌కు తెలియదు. ఒక చిన్న చెంచా నూనె 45 కేలరీలు.

మన తిండి కొంత యాప్‌లలో కనిపించదు. మక్క గటక, జొన్న గటక, సర్వపిండి, పుంటికూర పప్పు వెతికితే దొరకకపోవచ్చు. అప్పుడు వంటకం పేరు వదిలేసి, అందులో వేసిన పిండి, పప్పు, నూనె విడివిడిగా ఎక్కించాలి. గోంగూర అని కొడితే పుంటికూర వస్తుంది.

కల్లు, మందు కూడా లెక్కలోకే వస్తాయి. చాలామంది అవి రాయరు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ మందులో 400కు పైగా కేలరీలుంటాయి. 115 గ్రాముల బియ్యం తిన్నట్లే. పక్కన తినే మిర్చీలు, వేయించిన పల్లీలు వేరే.

ఫోన్ లేకపోతే బస్తా లెక్క

ఫోన్ అందరి ఇళ్లలో ఉండకపోవచ్చు. ఉన్నా రోజూ రాసే ఓపిక ఉండకపోవచ్చు. అలాంటివారు నెలకోసారి బస్తా లెక్క చూసుకోవచ్చు. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లున్నారనుకుందాం. నెలకు 60 కిలోల బియ్యం అయిపోతే తలా రోజుకు అర కిలో తిన్నట్లు. బియ్యం నుంచే 1,750 కేలరీలు వచ్చాయి. పప్పు, నూనె, చాయ ఇంకా కలపలేదు.

రోజుకు 2,000 కేలరీలు చాలిన మనిషి పళ్లెం ఎలా ఉండాలో ఎన్.ఐ.ఎన్. చెప్పింది. గింజ ధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలు కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు నువ్వుల వంటివి 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. మన ఇళ్లలో ధాన్యం దీనికి రెండింతలు, కూరగాయ సగం కూడా ఉండదు.

నూనె లెక్క కూడా చూడాలి. నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు సరిపోవాలి. అయిదు లీటర్ల డబ్బా అయిపోతుంటే తలా రోజుకు పది గ్రాములకు పైగా ఎక్కువ తింటున్నట్లు.

రేషన్ దుకాణంలో 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. దొడ్డు బియ్యం అమ్ముకున్న ఇళ్లలో కూడా ఇప్పుడు వండుకుంటున్నారు. మంచిదే. అయితే బియ్యం బాగుందని కూర తక్కువ, బువ్వ ఎక్కువ కలిపే అలవాటు పెరగకుండా చూసుకోవాలి.

అడుగుల లెక్కలో మోసం

రోజుకు పదివేల అడుగులు నడవాలని ఫోన్ గుర్తు చేస్తుంటుంది. ఇది డాక్టర్లు పెట్టిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కించే యంత్రం అమ్మడానికి పెట్టిన పేరు. ఆ పేరుకు అర్థమే 'పదివేల అడుగుల మీటరు' అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వేరు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలంది. వారంలో రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని చేయాలంది.

రైతు విషయంలో అడుగుల లెక్క రెండు విధాలా తప్పుతుంది. ఫోన్‌ను గట్టు మీద సంచిలో పెట్టి కలుపు తీస్తే, ట్యాంకు వీపుకెత్తుకుని మందు కొడితే ఆ కష్టం లెక్కకు రాదు. బైకు కుదుపులకు, ట్రాక్టర్ కుదుపులకు మాత్రం కొన్ని ఫోన్లు అడుగులు కలిపేస్తాయి. అందుకే రైతు అడుగుల మీద ఆధారపడకుండా, ఒళ్లు చెమట పట్టేలా ఎన్ని నిమిషాలు పని చేశాడో రాసుకోవాలి.

యాప్‌లో 'మీ పని ఎలాంటిది' అనే ప్రశ్న దగ్గర కూడా జాగ్రత్త పడాలి. రైతు కదా అని 'బరువు పని' నొక్కితే ఏడాది పొడవునా 3,470 కేలరీలు తినమంటుంది. సీజనును బట్టి మార్చుకోవాలి. ఒళ్లు వంచి పని చేసే వారాల్లో ఒకటి, ఖాళీ నెలల్లో ఒకటి పెట్టాలి. పని లేని నెలల్లో పొలానికి బైకు మాని అరగంట పోను, అరగంట రాను నడిస్తే వారానికి ఆరు రోజుల్లో 360 నిమిషాలవుతుంది. వేరే వ్యాయామం అక్కర లేదు.

తూకంలో తేమ

కొనుగోలు కేంద్రంలో వడ్లు 17 శాతం తేమ దాటితే తీసుకోరు. తూకంలో గింజ ఎంతో, నీరు ఎంతో చూడాలి కదా. ఒంటి బరువు కూడా అలాంటిదే. ఎక్కువ ఉప్పు తిన్న మర్నాడు నీరు చేరి కిలో పెరగొచ్చు. ఎండలో చెమట కారిస్తే కిలో తగ్గొచ్చు. అది కొవ్వు కాదు. రోజూ కాంటా ఎక్కి సంతోషపడడం, దిగులుపడడం రెండూ వృథా.

వారానికి ఒకే రోజు, పొద్దుగాల బయటికి వెళ్లొచ్చిన తరువాత, ఏమీ తినకముందు, తేలిక బట్టలతో తూకం చూడాలి. నాలుగు వారాల తూకాలు పక్కపక్కన పెట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది. నడుము కొలత నెలకోసారి చాలు. బరువు అంతే ఉండి నడుము తగ్గినా మంచి గుర్తే.

మొదట ఏది తగ్గించాలి?

మొదటి వారం ఏదీ మార్చకుండా తిన్నది తిన్నట్లు రాయాలి. పంటకు ఏ తెగులో చూడకుండా మందు కొట్టం కదా. వారం తరువాత ఏది ఎక్కువుందో చూసి ఒక్కటే మార్చాలి.

– చాయ: రెండు చెంచాల పంచదార, బర్రె పాలతో ఒక చాయ 90 కేలరీలకు తక్కువ ఉండదు. రోజుకు నాలుగు తాగితే 360. పంచదార 40 గ్రాములు పడుతుంది. రోజుకు 25 గ్రాములు దాటొద్దని ఎన్.ఐ.ఎన్. హద్దు పెట్టింది. చాయలు రెండుకు తగ్గించి, చక్కెర సగం చేస్తే మొదటి నెల పని అయిపోయినట్లే.

– బువ్వ: పూటకు ఒక గరిటె తగ్గించి, ఆ జాగాలో కూర రెండింతలు పెట్టుకోవాలి. కడుపు నిండుతుంది, కేలరీలు తగ్గుతాయి. తోటకూర, గంగవాయిలకూర, పాలకూర, మెంతికూర, సొర, బీర బోరు దగ్గర రెండు మడుల్లో వేసుకుంటే కొనే పని లేదు.

– జొన్న రొట్టె: రొట్టె తింటే బరువు తగ్గుతారనేది సగం నిజమే. 100 గ్రాముల జొన్నల్లో 335 వరకు కేలరీలున్నాయి. బియ్యానికి పెద్ద తేడా లేదు. అయితే జొన్నల్లో పీచు బియ్యం కంటే మూడింతలకు పైగా ఉంటుంది. రెండు రొట్టెలతో కడుపు నిండుతుంది. బువ్వ తిని, పైన రొట్టె కూడా తింటే లాభం లేదు.

– పప్పు, గుడ్డు తగ్గించొద్దు. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా కాపాడేవి అవే.

ఇవి మరవొద్దు

షుగర్‌కు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టర్‌కు చెప్పకుండా తిండి తగ్గించకూడదు. మాత్ర వేసుకుని తిండి తగ్గించి ఎండలో పని చేస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి, మాట తడబడుతుంది. పొలంలో ఒంటరిగా ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివారు జేబులో చక్కెర పొట్లం ఉంచుకోవాలి. ఆ గుర్తులు కనపడగానే నోట్లో వేసుకుని నీడకు రావాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలి.

తిండి రోజుకు 1,000 కేలరీల కంటే కిందికి దించకూడదని ఎన్.ఐ.ఎన్. హెచ్చరించింది. 'పది రోజుల్లో పది కిలోలు' అనే ప్రకటనలు నమ్మొద్దు. నెలకు వేలల్లో ధర పలికే పొడులు, టీలు కొని అప్పుల పాలు కావొద్దు. విత్తనాల్లో నకిలీ ఉన్నట్లే ఇందులోనూ ఉంటాయి.

యాప్ దించుకునేటప్పుడు తయారు చేసినవారి పేరు చూడాలి. బ్యాంకు వివరాలు, ఓటీపీ అడిగితే వెంటనే తీసివేయాలి. తిండి లెక్కకు వాటితో పని లేదు.

ఏ ప్రయత్నం లేకుండానే బరువు తగ్గిపోతుంటే సంబరపడొద్దు. క్షయ, షుగర్, మరేదైనా జబ్బు కావచ్చు. వెంటనే పరీక్ష చేయించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు బరువు తగ్గే లెక్కల జోలికి పోకూడదు.

ఇల్లాలి లెక్క కూడా రాయాలి

చాలా ఇళ్లలో చూస్తే ఇంటాయనకు పొట్ట, ఇంటామెకు నీరసం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో 100కు 57 మందికి పైగా రక్తహీనత ఉంది. నాట్లు వేసేది, కలుపు తీసేది వాళ్లే. వంగి చేసే పని మొత్తం వాళ్లదే. అందరూ తిన్న తరువాత అడుగున మిగిలింది తినేదీ వాళ్లే.

ఫోన్‌లో ఇద్దరి లెక్కా ఒక వారం రాసి పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకరు తగ్గించాల్సి ఉండొచ్చు, ఒకరు పెంచాల్సి ఉండొచ్చు. ఆయన పళ్లెంలో తగ్గించే గరిటె బువ్వ కంటే, ఆమె పళ్లెంలో పెరిగే గుడ్డు, పప్పు, ఆకుకూర ముఖ్యం. ఆమె బరువు ఎత్తుకు తగ్గట్టు లేక 18.5 కంటే తక్కువ లెక్క వస్తే ఏ.ఎన్.ఎం.కు చూపించి రక్త పరీక్ష చేయించాలి.

రాసింది చూపించండి

30 ఏళ్లు దాటిన వారందరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఏటా ఒకసారైనా చేయించుకోవాలి. పోయేటప్పుడు ఫోన్‌లోని నాలుగు వారాల లెక్క, లేదా నోటు పుస్తకం వెంట తీసుకుపోవాలి. "ఏం తింటున్నవ్" అని డాక్టర్ అడిగితే "మామూలుగనే తింట సారూ" అని చెప్పడం కంటే రాసింది చూపిస్తే సలహా సరిగా దొరుకుతుంది. దూరం పోలేనివారు ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు చూపించినా చాలు. ఈ-సంజీవని ద్వారా ఫోన్‌లోనే ప్రభుత్వ డాక్టర్‌తో మాట్లాడే వీలుంది.

నోటు పుస్తకం వాడేవారు పేజీకి అయిదు గీతలు కొట్టుకోవాలి. తేదీ, బువ్వ లేదా రొట్టె, కూర పప్పు, చాయ ఇతరాలు, పని నిమిషాలు. వారం చివర బరువు. రాత్రి పడుకునే ముందు అయిదు నిమిషాల పని. మొదటి నాలుగు వారాలు మానకుండా రాస్తే, అయిదో వారం నుంచి చూడకుండానే పళ్లెంలో ఎంత పెట్టుకోవాలో చెయ్యికే తెలిసిపోతుంది.